కర్బన రసాయన చర్యలు, విశ్లేషణ పద్ధతులు: పరీక్షకు ముందు పునశ్చరణ ఏ క్రమంలో చేయాలి?

ప్రశ్న: చినవాల్తేరు ఎమ్మెస్సీ

అందరికీ నమస్కారం. నేను విశాఖపట్నంలో కర్బన రసాయన శాస్త్రంలో ఎమ్మెస్సీ చివరి సెమిస్టరు చదువుతున్న విద్యార్థినిని. సెమిస్టరు పరీక్షలు, పరవాడ, అచ్యుతాపురం వైపు ఔషధ కంపెనీల ఇంటర్వ్యూలు, ఆ తరువాత నెట్ (అధ్యాపక, పరిశోధన అర్హతకు రాసే జాతీయ పరీక్ష), ఈ మూడూ దాదాపు ఒకదాని వెంట ఒకటి వస్తున్నాయి.

నా దగ్గర రెండు నోటుపుస్తకాలు ఉన్నాయి. ఒకదానిలో నేమ్ రియాక్షన్లను (శాస్త్రవేత్తల పేరుతోనో, ప్రత్యేకమైన పేరుతోనో పిలిచే చర్యలను) ఆల్డాల్ నుంచి వుర్ట్జ్ దాకా అక్షర క్రమంలో రాసుకున్నాను. రెండవదానిలో అణు నిర్మాణం తెలిపే ఐఆర్ (పరారుణ), ఎన్ఎంఆర్ (కేంద్రక అయస్కాంత అనునాదం), మాస్ (ద్రవ్యరాశి), యూవీ (అతినీలలోహిత) స్పెక్ట్రాలు, మిశ్రమాలను విడదీసే క్రొమటోగ్రఫీ ఉన్నాయి. ఏ పుస్తకాన్ని విడిగా చదివినా అర్థమవుతుంది. రెండింటినీ కలిపి అడిగిన ప్రశ్న ఎదురైతే మాత్రం చేయి ఆగిపోతోంది. ఉదాహరణకు, ఒక మాదిరి ప్రశ్నపత్రంలో ఇచ్చిన లెక్క ఇది. ఒక ద్రవంలో కార్బన్లు 9, హైడ్రోజన్లు 10, ఆక్సిజన్లు 2. ఐఆర్‌లో 1720 వద్ద బలమైన బ్యాండ్. ప్రోటాన్ ఎన్ఎంఆర్‌లో 1.4 వద్ద మూడు ప్రోటాన్ల ట్రిప్లెట్, 4.4 వద్ద రెండు ప్రోటాన్ల క్వార్టెట్, 7.4 నుంచి 7.6 మధ్య మూడు, 8.05 వద్ద రెండు ప్రోటాన్లు. మాస్ స్పెక్ట్రమ్‌లో 150, 122, 105, 77. ఇథైల్ బెంజోయేట్, బెంజైల్ అసిటేట్, మిథైల్ ఫినైల్‌అసిటేట్ మూడూ ఈ ఫార్ములాకు సరిపోతాయి కాబట్టి, ఏ ఆధారంతో రెండింటిని పక్కన పెట్టాలో ఒక క్రమంలో చెప్పగలిగితే మేలు.

పెర్కిన్, నోవెనాగెల్, క్లైసెన్ చర్యలు ఒకదానితో ఒకటి కలగలిసిపోకుండా ఎలా గుర్తుంచుకోవాలి? ఇంటర్వ్యూల కోసం హెచ్‌పీఎల్‌సీ (అధిక పీడన ద్రవ క్రొమటోగ్రఫీ), గ్యాస్ క్రొమటోగ్రఫీలను ఎంత లోతుగా చదవాలి? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి.

సమాధానం: వాల్తేరు మాస్టారు (విశ్రాంత అధ్యాపకుడు)

అమ్మా, చిక్కంతా ఆ రెండు పుస్తకాల విభజనలోనే ఉంది. అక్షర క్రమంలో రాసుకున్న పట్టిక వెతుక్కోవడానికి పనికొస్తుంది కానీ గుర్తు పెట్టుకోవడానికి పనికిరాదు. ఆల్డాల్ మొదటి పేజీలోను, పెర్కిన్ మధ్యలోను, రిఫర్మాట్‌స్కీ ఆ తరువాత ఎక్కడో ఉంటే, ఈ మూడింటిలోనూ జరుగుతున్న పని ఒక్కటేనన్న సంగతి ఎన్నిసార్లు తిరగేసినా కంటపడదు.

కార్బొనైల్ చర్యలన్నిటికీ ముందుగా వేసుకోవలసిన ప్రశ్న ఒకటే: కార్బొనైల్ పక్కనున్న కార్బన్ మీద, అంటే ఆల్ఫా స్థానంలో, హైడ్రోజన్ ఉందా లేదా? ఉంటే క్షారం దానిని లాగివేసి ఈనోలేట్ అనే రుణ అయాన్‌ను ఇస్తుంది. ఆ ఈనోలేట్ ఎవరిది, అది ఎవరి మీదకు వెళ్తుంది అన్న రెండు వివరాలను బట్టే పేర్లు మారుతున్నాయి. ఆల్డిహైడ్ లేదా కీటోన్ ఈనోలేట్ తన జాతి కార్బొనైల్ మీదకే వెళ్తే ఆల్డాల్. ఎస్టర్ ఈనోలేట్ ఇంకొక ఎస్టర్ మీదకు వెళ్లి, అక్కడి ఆల్కాక్సైడ్‌ను బయటకు తోస్తే క్లైసెన్. ఎసిటిక్ ఎన్‌హైడ్రైడ్ ఈనోలేట్ సోడియం అసిటేట్ సమక్షంలో ఆరోమాటిక్ ఆల్డిహైడ్ మీదకు వెళ్తే 1868లో పెర్కిన్ చూపించిన చర్య, బెంజాల్డిహైడ్ నుంచి వచ్చేది సినమిక్ ఆమ్లం. రెండు కార్బొనైల్‌ల నడుమ చిక్కుకున్న మిథిలీన్ నుంచి హైడ్రోజన్ సులభంగా ఊడుతుంది కాబట్టి పిపెరిడీన్ వంటి బలహీన క్షారమే చాలు, అది నోవెనాగెల్. ఆల్ఫా బ్రోమో ఎస్టర్‌కు జింకు కలిపి ఈనోలేట్‌ను తయారు చేసుకుంటే రిఫర్మాట్‌స్కీ. ఈ జింకు ఈనోలేట్‌కు దూకుడు తక్కువ కాబట్టి అది ఆల్డిహైడ్ మీదకు, కీటోన్ మీదకు వెళ్తుంది కానీ ఎస్టర్ జోలికి వెళ్లదు, అందుకే చర్య బీటా హైడ్రాక్సీ ఎస్టర్ దగ్గర ఆగుతుంది.

క్లైసెన్ దగ్గర కొంత నిలబడండి, ఎందుకంటే పరీక్షలలో మార్కులు పోయేది అక్కడే. క్షారాన్ని ఉత్ప్రేరక మోతాదులో వేస్తే సరిపోదు, పూర్తి మోలు కావాలి. ముందరి మెట్లన్నీ వెనక్కి మళ్లగలిగే సమతాస్థితులే. ఏర్పడిన బీటా కీటో ఎస్టర్‌లోని ఆమ్ల స్వభావం గల హైడ్రోజన్‌ను (దాని పీకేఏ సుమారు 11, ఇథనాల్‌ది సుమారు 16; ఈ అంకె తక్కువైతే ఆమ్లం బలమైనది) ఆల్కాక్సైడ్ లాగివేయడమే మొత్తం చర్యను ముందుకు నడిపిస్తుంది. ఆల్ఫా స్థానంలో ఒకే హైడ్రోజన్ ఉన్న ఎస్టర్‌తో సోడియం ఇథాక్సైడ్ ఎందుకు విఫలమవుతుందో దీనిని బట్టి మీకే తెలుస్తుంది. ఇథైల్ ఎస్టర్‌కు ఇథాక్సైడే ఎందుకు వాడాలో కూడా రాయండి. మిథాక్సైడ్ వాడితే ఎస్టర్ మార్పిడి జరిగి మిశ్రమం మిగులుతుంది.

ఆల్ఫా హైడ్రోజన్ లేకపోతే దారి మారుతుంది. గాఢ క్షారంలో కన్నిజారో, సయనైడ్ అయాన్‌తో బెంజోయిన్. ఫార్మాల్డిహైడ్‌ను, బెంజాల్డిహైడ్‌ను కలిపి కన్నిజారో జరిపితే ఆక్సీకరణం చెందేది ఫార్మాల్డిహైడే అన్నది తరచుగా అడిగే ప్రశ్న.

పునర్విన్యాస చర్యలను ఇదే తీరులో కుదించవచ్చు. ఎలక్ట్రాన్ల కొరత ఏ పరమాణువు మీద ఏర్పడింది? కార్బన్ మీదైతే పినకాల్, వాగ్నర్–మీర్వైన్. నైట్రోజన్ మీదైతే బెక్‌మన్, హాఫ్‌మన్, కర్టియస్, లాసెన్. ఆక్సిజన్ మీదైతే బేయర్–విల్లిజర్, క్యుమీన్ నుంచి ఫినాల్ తయారీ. హాఫ్‌మన్, కర్టియస్, లాసెన్ మూడూ ఐసోసయనేట్ గుండానే పోతాయి కాబట్టి ఒకదానిని మెకానిజంతో సహా రాయగలిగితే మిగతా రెండూ వచ్చినట్లే.

ఇక అసలు మాట. ప్రతి చర్యను రాసిన వెంటనే, దాని కిందే, ‘ఈ చర్య పూర్తయిందని ఏ పరికరంలో ఎలా తెలుస్తుంది’ అని ఒక వాక్యం రాయండి. సైక్లోహెక్సనోన్‌ను మధ్యలో పెట్టుకుని చూడండి. దాని కార్బొనైల్ బ్యాండ్ 1715 వద్ద ఉంటుంది (ఐఆర్ అంకెలన్నీ సెంటీమీటరు విలోమంలో), కార్బన్ ఎన్ఎంఆర్‌లో కార్బొనైల్ సుమారు 212 పీపీఎం (ఎన్ఎంఆర్ అంకెలన్నిటికీ ఇదే కొలమానం) వద్ద వస్తుంది, అణుభారం 98. సోడియం బోరోహైడ్రైడ్‌తో క్షయకరణం చేస్తే 1715 మాయమై 3350 ప్రాంతంలో వెడల్పైన హైడ్రాక్సిల్ బ్యాండ్ వస్తుంది, 212 స్థానంలో 70 ప్రాంతపు కార్బన్ కనిపిస్తుంది. పెరాసిడ్‌తో బేయర్–విల్లిజర్ జరిపితే కాప్రోలాక్టోన్, అణుభారం 114, కార్బొనైల్ 176 ప్రాంతానికి దిగుతుంది. హైడ్రాక్సిలమీన్‌తో ఆక్సైమ్, అణుభారం 113. ఆ ఆక్సైమ్‌ను ఆమ్లంలో బెక్‌మన్‌కు గురిచేస్తే నైలాన్ 6కు ముడిపదార్థమైన కాప్రోలాక్టమ్ వస్తుంది, దాని అణుభారం కూడా 113. ఆక్సైమ్, లాక్టమ్ ఒకదానికొకటి ఐసోమర్లు కాబట్టి అణుభారం చూసి చర్య జరిగిందో లేదో చెప్పలేరు. ఐఆర్‌లో 1660 ప్రాంతపు బలమైన ఎమైడ్ బ్యాండ్, కార్బన్ ఎన్ఎంఆర్‌లో 180కి దగ్గరగా వచ్చే కార్బొనైల్ చెప్పాలి. ఒక్క కీటోన్ చుట్టూ నాలుగు చర్యలు, మూడు పరికరాలు. ఈ పేజీని చూడకుండా రాయగలిగిన నాడు మీ రెండవ నోటుపుస్తకంలో సగం మీకు అవసరం ఉండదు.

సందర్భం వచ్చింది కాబట్టి ఒక మాట. ఆచార్య టి.ఆర్. శేషాద్రి 1930లలో మన ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పత్తిపూల ఫ్లేవనాయిడ్ల మీద పనిచేసిన కాలానికి ఎన్ఎంఆర్ పరికరం లేదు. మిథైల్ సమూహాలను తగిలించడం, క్షారంతో అణువును విరగ్గొట్టడం, దొరికిన ముక్కలను తెలిసిన సమ్మేళనాలతో కలిపి ద్రవీభవన స్థానం తగ్గుతుందో లేదో చూడడం, ఆనాటి నిర్మాణ నిర్ణయం ఇలా సాగేది. అప్పట్లో రసాయన చర్యే విశ్లేషణ పద్ధతి. ఈ రెండూ వేరు వేరు పేపర్లుగా విడిపోయింది సిలబస్‌లోనే.

సమాధానం: మద్దిలపాలెం రీసెర్చ్ స్కాలర్

మాస్టారు చర్యల సంగతి చెప్పారు కాబట్టి నేను లెక్క దగ్గరకు వస్తాను. ముందుగా అసంతృప్తతా సూచిక కట్టాలి. కార్బన్ల సంఖ్యకు ఒకటి కలిపి, హైడ్రోజన్లలో సగం తీసివేస్తే 9 + 1 − 5 = 5. (హాలోజన్ ఉంటే దానిని హైడ్రోజన్‌గా లెక్కించాలి, నైట్రోజన్ ఉంటే ఒక్కొక్కదానికి అర కలపాలి, ఆక్సిజన్‌ను పట్టించుకోనక్కరలేదు.) బెంజీన్ వలయానికి నాలుగు పోతే మిగిలిన ఒకటి కార్బొనైల్‌ది. ఇంతవరకు మీ మూడు అణువులూ సమానమే.

తరువాత ఐఆర్. మామూలు సంతృప్త ఎస్టర్ 1740 ప్రాంతంలో వస్తుంది. కార్బొనైల్ నేరుగా బెంజీన్ వలయానికి అతుక్కుని ఉంటే సంయుగ్మం వల్ల అది 20 దాకా దిగుతుంది. బెంజైల్ అసిటేట్‌లోను, మిథైల్ ఫినైల్‌అసిటేట్‌లోను వలయానికి, కార్బొనైల్‌కు నడుమ మిథిలీన్ అడ్డు ఉంది కాబట్టి వాటి బ్యాండ్ 1740 దగ్గరే ఉంటుంది. మీ లెక్కలో ఉన్నది 1720. అంటే ఇక్కడికే మొగ్గు ఇథైల్ బెంజోయేట్ వైపు తిరిగింది. అయితే ఒక్క ఐఆర్ అంకెను నమ్మి సమాధానం రాయకూడదు.

ప్రోటాన్ ఎన్ఎంఆర్‌లో ట్రిప్లెట్, క్వార్టెట్ జంట కనిపించగానే ఇథైల్ సమూహం అని అందరూ గుర్తిస్తారు. అంతకన్నా విలువైన ఆధారం ఆరోమాటిక్ ప్రాంతంలో ఉంది, దానిని చాలామంది వదిలేస్తారు. 8.05 వద్ద విడిగా నిలిచిన రెండు ప్రోటాన్లు కార్బొనైల్‌కు ఆర్థో స్థానంలోనివి. కార్బొనైల్ ఎలక్ట్రాన్లను లాగడం వల్ల, దాని అసమదైశిక ప్రభావం వల్ల అవి కిందికి, అంటే ఎక్కువ పీపీఎం వైపు జరుగుతాయి. మిగతా రెండు అణువులలో వలయం మీద ఉన్నది మిథిలీన్ మాత్రమే కాబట్టి అయిదు ప్రోటాన్లూ 7.3 ప్రాంతంలో గుంపుగా ఉంటాయి. పైగా వాటిలో ఇథైల్ లేదు. బెంజైల్ అసిటేట్‌కు 2.1, 5.1 వద్ద రెండు సింగ్లెట్లు, మిథైల్ ఫినైల్‌అసిటేట్‌కు 3.6, 3.7 వద్ద రెండు సింగ్లెట్లు రావాలి.

మాస్ స్పెక్ట్రమ్ దీనిని ముద్ర వేసి చెబుతుంది. 150 నుంచి ఇథాక్సీ (45) పోతే 105, అది బెంజాయిల్ అయాన్. దాని నుంచి కార్బన్ మోనాక్సైడ్ (28) పోతే 77, ఫినైల్ అయాన్. ఇథిలీన్ (28) పోతే 122, ఇది ఇథైల్ వైపు హైడ్రోజన్ కార్బొనైల్ ఆక్సిజన్ మీదకు ఆరుసభ్యుల స్థితి గుండా వెళ్లిన మెక్‌లాఫర్టీ తరహా విచ్ఛేదం. బెంజైల్ అసిటేట్ అయితే కీటీన్ (42) పోగొట్టుకుని 108ని, దానితోపాటు 91ని, 43ని ఇస్తుంది. మిథైల్ ఫినైల్‌అసిటేట్‌లో 91 అన్నిటికన్నా ఎత్తుగా నిలుస్తుంది. 105, 91 అన్న రెండు అంకెలను వేరు చేసి చదివితే ఈ మూడు అణువులూ ఎప్పటికీ కలవవు.

ఏది కంఠస్థం చేయాలి అంటే నా ఉద్దేశంలో తక్కువే. కార్బొనైల్ స్థానాలు మాత్రం నోటికి రావాలి. ఎమైడ్ 1650 నుంచి 1690, కీటోన్ 1715, ఆల్డిహైడ్ 1725, ఎస్టర్ 1740, ఆసిడ్ క్లోరైడ్ 1800, ఎన్‌హైడ్రైడ్‌కు 1820, 1760 వద్ద రెండు. వలయం చిన్నదయ్యే కొద్దీ అంకె పెరుగుతుంది, సైక్లోపెంటనోన్ 1745, సైక్లోబ్యుటనోన్ 1780. ఆల్డిహైడ్ అని నిర్ధారించడానికి 2720, 2820 వద్ద వచ్చే జంట బ్యాండ్లను చూడాలి. మాస్‌లో క్లోరిన్ ఉంటే రెండు యూనిట్ల తేడాతో 3:1, బ్రోమిన్ ఉంటే 1:1. బేసి అణుభారం కనిపిస్తే బేసి సంఖ్యలో నైట్రోజన్ ఉందని అనుమానించాలి, మాస్టారు చెప్పిన 113 అలాంటిదే. ద్విబంధం మీది ప్రోటాన్ల మధ్య కప్లింగ్ 16 హెర్ట్జ్ వస్తే ట్రాన్స్, 10 వస్తే సిస్. పెర్కిన్ చర్యలో వచ్చిన సినమిక్ ఆమ్లం ట్రాన్స్ అని రుజువు చేయమంటే ఈ 16 హెర్ట్జే సమాధానం.

మన సముద్రతీరపు తేమ గురించి పుస్తకాలలో ఉండదు కాబట్టి చెబుతున్నాను. పొటాషియం బ్రోమైడ్ బిళ్ల పద్ధతిలో ఐఆర్ తీసేటప్పుడు ఆ లవణం గాలిలోని నీటిని లాగేసుకుంటుంది. వర్షాకాలంలో విశాఖలో తీసిన స్పెక్ట్రాలలో 3400 వద్ద వెడల్పైన బ్యాండ్, 1640 వద్ద చిన్న బ్యాండ్ కనిపిస్తే, మీ అణువులో హైడ్రాక్సిల్, ద్విబంధం ఉన్నాయని రాసే ముందు అవి నీటివేమో చూడండి. లవణాన్ని 110 డిగ్రీల వద్ద ఆరబెట్టి డెసికేటర్‌లో ఉంచాలి, వీలుంటే బిళ్ల అవసరం లేని ఏటీఆర్ పరికరం మీద పెట్టి పోల్చుకోవాలి. ప్రాక్టికల్ పరీక్షలో వైవాకు వచ్చిన ఎగ్జామినర్లు ఇది అడుగుతారు.

సమాధానం: పరవాడ క్యూసీ (క్వాలిటీ కంట్రోల్)

పై ఇద్దరి మాటలతోను నేను ఏకీభవిస్తాను కానీ ఇంటర్వ్యూల విషయంలో మాత్రం నా అభిప్రాయం వేరు. మాస్టారు రెండు పుస్తకాలనూ ఒకటి చేయమన్నారు. స్పెక్ట్రోస్కోపీ వరకు అది సరే. క్రొమటోగ్రఫీని అలా కలపలేము, ఎందుకంటే అక్కడ అడిగే ప్రశ్నే వేరు. ఎన్ఎంఆర్ ‘ఇది ఏమిటి’ అని అడుగుతుంది. హెచ్‌పీఎల్‌సీ ‘ఇది ఎంత ఉంది, దీనితోపాటు ఇంకేమి ఉంది’ అని అడుగుతుంది. క్వాలిటీ కంట్రోల్ ఉద్యోగమంతా రెండవ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది. దానికి తగిన పుస్తకం విడిగా ఉండాలి.

పారాసిటమాల్‌ను ఉదాహరణగా తీసుకుందాం. పారా ఎమినోఫినాల్‌కు ఎసిటిక్ ఎన్‌హైడ్రైడ్ కలిపితే నైట్రోజన్ మీద ఎసిటైల్ చేరుతుంది. ఫినాల్ ఆక్సిజన్ కన్నా ఎమీన్ నైట్రోజన్‌కు న్యూక్లియోఫైల్ గుణం (ఎలక్ట్రాన్ జంటను ఇచ్చే గుణం) ఎక్కువ కావడమే దానికి కారణం. ఇంతవరకు తరగతిలో చెబుతారు. ఇంటర్వ్యూలో ఇక్కడి నుంచి మొదలుపెడతారు. చర్యలో మిగిలిపోయిన ఎమినోఫినాల్ ఎందుకు ప్రమాదం? అది విషపూరితం, పైగా గాలిలో ఆక్సీకరణం చెంది సరుకుకు గోధుమ రంగు తెస్తుంది. ఎన్‌హైడ్రైడ్ ఎక్కువైతే ఏమి వస్తుంది? రెండు చోట్లా ఎసిటైల్ చేరిన ఉపఉత్పన్నం. ఈ మూడింటిని కార్బన్ 18 కాలమ్ మీద పెడితే ఏ క్రమంలో బయటకు వస్తాయి? రివర్స్ ఫేజ్‌లో ధ్రువత్వం ఎక్కువున్నది ముందు, తక్కువున్నది తరువాత వస్తుంది కాబట్టి ఎమినోఫినాల్, పారాసిటమాల్, డైఎసిటైల్ అన్నది క్రమం. మొబైల్ ఫేజ్ (కాలమ్ గుండా పారే ద్రావణం) పీహెచ్‌ను 3కి దించితే? ఎమినోఫినాల్‌లోని ఎమీన్ ప్రోటాన్‌ను తీసుకుని అయాన్ అవుతుంది, కాలమ్‌లో నిలవకుండా ద్రావణి ముఖంతోపాటే కొట్టుకొచ్చేస్తుంది. అప్పుడు పీహెచ్ పెంచాలి లేదా అయాన్ జత కారకాన్ని కలపాలి. చూశారా, ఈ చివరి సమాధానం చెప్పడానికి కావలసింది పీకేఏ. అంటే కర్బన రసాయనమే.

ఇవి కాక నేను చదివి వెళ్లమని చెప్పేవి కొన్ని ఉన్నాయి. రెండు పీక్‌ల మధ్య రిజల్యూషన్ కనీసం 1.5 ఉంటేనే అవి పునాది రేఖ దాకా విడిపోయినట్లు. మామూలు సిలికా కాలమ్‌లను పీహెచ్ 2 నుంచి 8 లోపలే నడపాలి, దాటితే ఒక చివర బంధిత గొలుసులు ఊడిపోతాయి, రెండో చివర సిలికాయే కరిగిపోతుంది. ఎసిటోనైట్రైల్ 190 నానోమీటర్ల దాకా పారదర్శకంగా ఉంటుంది, మిథనాల్ 205 దాకా మాత్రమే. తక్కువ తరంగదైర్ఘ్యంలో శోషించే పదార్థానికి మొదటిదానిని ఎంచుకునేది దీనివల్లే. మాస్ డిటెక్టర్‌కు కలిపిన పరికరంలో ఫాస్ఫేట్ బఫర్ వేయకూడదు, అది ఆవిరి కాదు. ఫార్మేట్ లేదా అసిటేట్ వేయాలి. కాలమ్ సామర్థ్యానికి, మొబైల్ ఫేజ్ వేగానికి ఉన్న సంబంధాన్ని చెప్పే వాన్ డీమ్టర్ సమీకరణంలో మూడు పదాలూ దేనికి నిలుస్తాయో, వేగం పెంచితే ఏది తగ్గి ఏది పెరుగుతుందో బొమ్మ గీసి చూపగలగాలి.

గ్యాస్ క్రొమటోగ్రఫీలో అవశేష ద్రావణుల ప్రశ్న తప్పకుండా వస్తుంది. ఐసీహెచ్ (ఔషధ ప్రమాణాల అంతర్జాతీయ మండలి) క్యూ3సీ మార్గదర్శకం ప్రకారం ఉండదగిన గరిష్ఠ మోతాదు బెంజీన్ 2 పీపీఎం (ఇక్కడ పది లక్షల భాగాలలో రెండు), డైక్లోరోమీథేన్ 600, టోలుయీన్ 890, మిథనాల్ 3000, అసిటోన్, ఇథైల్ అసిటేట్ 5000. బెంజీన్‌ను ఎవరూ వాడకపోయినా ఎందుకు వెతుకుతారు అని అడిగితే, టోలుయీన్‌లో అది మలినంగా వచ్చే అవకాశం ఉందని చెప్పాలి. కనిష్ఠ గుర్తింపు పరిమితికి 3.3, కనిష్ఠ పరిమాణ నిర్ణయ పరిమితికి 10 అన్న గుణకాలు ఎక్కడి నుంచి వస్తాయో కూడా చూసుకోండి. యూవీ శోషణ స్థానాన్ని లెక్కగట్టే ఉడ్‌వర్డ్–ఫీజర్ నియమాలు మాత్రం మా దగ్గర ఎవరూ అడగరు, నెట్ కోసం చదవాలి కాబట్టి చదవండి.

తిరుగు ప్రశ్న: చినవాల్తేరు ఎమ్మెస్సీ

మాస్టారికి, స్కాలర్ మేడమ్‌కు, క్యూసీ సార్‌కు ధన్యవాదాలు. సైక్లోహెక్సనోన్ పేజీని రాసుకున్నాను. ఒక సందేహం మిగిలింది. పునర్విన్యాస చర్యలలో ఏ సమూహం వలస వెళ్తుందో నిర్ణయించే నియమం బెక్‌మన్‌కు ఒకటి, బేయర్–విల్లిజర్‌కు ఇంకొకటి అని చదివాను. ఎసిటోఫినోన్ వంటి అణువులో రెండింటిలోనూ ఫినైలే కదులుతోంది. అలాంటప్పుడు నియమాలు వేరని ఎలా అనగలం?

సమాధానం: వాల్తేరు మాస్టారు

ఫలితం ఒకటే అయినా కారణాలు వేరు, అమ్మా. బెక్‌మన్‌లో స్థానం ముఖ్యం. ఆక్సైమ్ హైడ్రాక్సిల్‌కు ఎదురు వైపు, అంటే యాంటీ స్థానంలో ఉన్న సమూహం కదులుతుంది, దాని స్వభావంతో పని లేదు. ఎసిటోఫినోన్ ఆక్సైమ్‌లో స్థిరమైన రూపంలో ఫినైల్ యాంటీ స్థానంలో ఉంటుంది కాబట్టి అది కదిలి ఎసిటనిలైడ్ వస్తుంది. బేయర్–విల్లిజర్‌లో స్వభావం ముఖ్యం. హైడ్రోజన్, తృతీయ ఆల్కైల్, ద్వితీయ ఆల్కైల్ మరియు ఫినైల్, ప్రాథమిక ఆల్కైల్, చివరికి మిథైల్ అన్న క్రమంలో ధన ఆవేశాన్ని భరించగలిగినది కదులుతుంది. ఎసిటోఫినోన్‌లో మిథైల్ కన్నా ఫినైల్ ముందుంది కాబట్టి ఫినైల్ అసిటేట్ వస్తుంది.

దీనిని కూడా పరికరంతో సరిచూసుకోండి. బెక్‌మన్‌లో పొరపాటున మిథైల్ కదిలి ఉంటే ఎన్-మిథైల్ బెంజమైడ్ రావాలి, దాని మిథైల్ పక్కనున్న నైట్రోజన్ మీది ప్రోటాన్‌తో కలిసి 3.0 వద్ద డబ్లెట్‌గా కనిపించాలి. ఎసిటనిలైడ్ మిథైల్ 2.1 ప్రాంతంలో సింగ్లెట్. బేయర్–విల్లిజర్‌లో మిథైల్ కదిలి ఉంటే మిథైల్ బెంజోయేట్, 3.9 వద్ద సింగ్లెట్, ఐఆర్‌లో 1725. ఫినైల్ అసిటేట్‌కు 2.3 వద్ద సింగ్లెట్, ఐఆర్‌లో 1765. ఫినైల్ ఎస్టర్‌లో ఆక్సిజన్ జంట ఎలక్ట్రాన్లు వలయం వైపు కూడా పంచుకోబడటం వల్ల కార్బొనైల్‌కు అందేది తగ్గి, దాని అంకె మామూలు ఎస్టర్ కన్నా పైకి పోతుంది.

ఇది పట్టుకుని ఒక లెక్క చేయండి. మీ మొదటి లెక్కలోని ఫార్ములాయే, కార్బన్లు 9, హైడ్రోజన్లు 10, ఆక్సిజన్లు 2. ఐఆర్‌లో 1760. ప్రోటాన్ ఎన్ఎంఆర్‌లో 1.25 వద్ద ట్రిప్లెట్, 2.6 వద్ద క్వార్టెట్, 7.05 నుంచి 7.4 మధ్య అయిదు ప్రోటాన్లు. మాస్‌లో 150, 94, 57. అణువు ఏమిటి? అల్యూమినియం క్లోరైడ్‌తో వేడిచేస్తే ఏమవుతుంది, ఆ మార్పును ఏ పరికరంతో కనిపెడతారు?

తిరుగు సమాధానం: చినవాల్తేరు ఎమ్మెస్సీ

ప్రయత్నిస్తున్నాను, మాస్టారూ. అసంతృప్తతా సూచిక 5. ఐఆర్ 1760 కాబట్టి ఫినైల్ ఎస్టర్ అయి ఉండాలి. ఇథైల్ సమూహం ఉంది కానీ క్వార్టెట్ 4.4 వద్ద కాకుండా 2.6 వద్ద ఉంది, అంటే మిథిలీన్ అతుక్కున్నది ఆక్సిజన్‌కు కాదు, కార్బొనైల్‌కు. 8 ప్రాంతంలో ప్రోటాన్లు లేవు కాబట్టి వలయం మీద కార్బొనైల్ లేదు. 57 ప్రొపియోనైల్ అయాన్. 150 నుంచి 56, అంటే మిథైల్‌కీటీన్ పోతే 94, అది ఫినాల్. అణువు ఫినైల్ ప్రొపనోయేట్.

అల్యూమినియం క్లోరైడ్‌తో వేడిచేస్తే ఫ్రీస్ పునర్విన్యాసం జరిగి ప్రొపియోనైల్ సమూహం వలయం మీదకు చేరుతుంది. ఆర్థో, పారా హైడ్రాక్సీ ప్రొపియోఫినోన్లు రెండూ వస్తాయి. అణుభారం ఆక్సైమ్, లాక్టమ్‌ల లాగానే మారదు, 150గానే ఉంటుంది. ఐఆర్‌లో 1760 పోయి సంయుగ్మ కీటోన్ బ్యాండ్, హైడ్రాక్సిల్ బ్యాండ్ రావాలి.

సమాధానం: వాల్తేరు మాస్టారు

సరిగ్గా చేశారు. రెండు ఐసోమర్లను విడిగా గుర్తించడం ఒక్కటే మిగిలింది. ఆర్థో ఐసోమర్‌లో హైడ్రాక్సిల్ పక్కనున్న కార్బొనైల్‌తో అణువు లోపలే హైడ్రోజన్ బంధం కట్టుకుంటుంది. అందువల్ల దాని కార్బొనైల్ 1640 ప్రాంతానికి దిగుతుంది, హైడ్రాక్సిల్ ప్రోటాన్ 12 పీపీఎం దాటిన చోట సన్నని సింగ్లెట్‌గా కనిపిస్తుంది. ఉష్ణోగ్రత ఎక్కువగా ఉంటే ఆర్థో, తక్కువగా ఉంటే పారా ఎక్కువగా వస్తాయని కూడా రాయండి.

సమాధానం: పరవాడ క్యూసీ

మాస్టారు చెప్పినదానికి నా వంతు. ఆ హైడ్రోజన్ బంధం వల్లే ఆర్థో ఐసోమర్ నీటి ఆవిరితో కలిసి స్వేదనం చెందుతుంది, పారా ఫ్లాస్క్‌లోనే ఉండిపోతుంది. సిలికా టీఎల్‌సీ (పలుచని పొర క్రొమటోగ్రఫీ) పలక మీద ఆర్థో మచ్చ పైకి పరుగెడుతుంది, పారా మచ్చ దాని హైడ్రాక్సిల్‌తో సిలికాను పట్టుకుని కిందే నిలుస్తుంది. చర్య ఎంతవరకు వచ్చిందో చూడడానికి ఎవరూ ప్రతిసారీ ఎన్ఎంఆర్ దాకా వెళ్లరు. ఫినైల్ ప్రొపనోయేట్ స్టాండర్డ్‌ను పక్కన పెట్టి టీఎల్‌సీ నడిపి, 254 నానోమీటర్ల దీపం కింద చూసి, ఆ తరువాత ఫెర్రిక్ క్లోరైడ్ చల్లుతారు. ఎస్టర్‌కు రంగు రాదు, ఫినాల్ సమూహం ఉన్న మచ్చలకే వస్తుంది.